రెండు తొట్ల వాషింగ్ మెషీన్: పాత చిన్న నమూనాలు, వాటి నిర్వహణ

బట్టలు ఉతకడానికి ఒక తొట్టి, పిండటానికి మరో తొట్టి పక్కపక్కన ఒకే పెట్టెలో ఉండే గృహ విద్యుత్ యంత్రం ఇది. బ్రిటన్, అమెరికాల్లో ట్విన్ టబ్ అనీ, మన దేశంలో సెమీ ఆటోమేటిక్ అనీ పిలుస్తారు. నీళ్లు పట్టడం, వదలడం, ఉతికిన బట్టలను ఒక తొట్టిలోంచి తీసి రెండో తొట్టిలో వేయడం మనిషి పనులు. తిప్పడం మాత్రమే యంత్రం పని. ఈ వ్యాసం 1950ల నుంచి 1990ల దాకా వచ్చిన చిన్న నమూనాల గురించి, వాటిని నేటికీ నడిపించుకునే పద్ధతుల గురించి వివరిస్తుంది. ఒకే తొట్టిలో అన్ని పనులూ చేసే యంత్రాలకు చూ. ఫుల్లీ ఆటోమేటిక్ వాషింగ్ మెషీన్.

చరిత్ర

తొలితరం విద్యుత్ వాషింగ్ మెషీన్లకు పైన రెండు రబ్బరు రోలర్లు ఉండేవి. తడి బట్టను చేత్తో వాటి మధ్యకు అందిస్తే నీరు కారిపోయేది. గుండీలు పగలడం, వేళ్లు నలగడం మామూలే. రోలర్లకు బదులు చిల్లుల బుట్టను వేగంగా తిప్పి నీటిని విదిలించే ఏర్పాటును పక్క తొట్టిలో పెట్టిన యంత్రాలు ముందుగా అమెరికాలో వచ్చాయి. న్యూయార్క్ రాష్ట్రంలోని సిరక్యూస్‌లో ఈజీ సంస్థ తయారుచేసిన ‘స్పిన్‌డ్రయర్’ 1940ల నాటికే అక్కడి ఇళ్లకు పరిచితం. అయితే అవి బరువైన పెద్ద యంత్రాలు.

చిన్న నమూనాకు పుట్టిల్లు బ్రిటన్ అనవచ్చు. వేల్స్‌లోని మెర్థర్ టిడ్‌విల్ పట్టణం పక్కన పెంట్రెబాక్‌లో హూవర్ సంస్థ 1948లో వాషింగ్ మెషీన్ల ఫ్యాక్టరీ తెరిచింది. మొదట చేసినది ఒకే తొట్టి ఉన్న చిన్న యంత్రం. నీటిని తిప్పే చక్రం తొట్టి పక్క గోడకు ఉండేది, పిండే రోలర్లను చేత్తో తిప్పాలి. 1950ల చివరలో అదే సంస్థ ‘హూవర్‌మాటిక్’ పేరుతో రెండు తొట్ల యంత్రాన్ని తెచ్చింది. బ్రిటిష్ వంటిళ్లు ఇరుకైనవి కాబట్టి దీనికి కింద చక్రాలు పెట్టారు. వాడనప్పుడు బల్ల కిందికి నెట్టేయవచ్చు, ఉతికే రోజున సింకు దగ్గరికి లాక్కోవచ్చు. ఆ ఫ్యాక్టరీలో వాషింగ్ మెషీన్లే కాక 1985లో సింక్లెయిర్ సీ5 అనే బుల్లి విద్యుత్ వాహనాన్ని కూడా బిగించారు. అది అమ్ముడుపోక మూలపడింది. వాషింగ్ మెషీన్ల ఉత్పత్తి 2009 మార్చి వరకు సాగింది.

బ్రిటన్‌లో 1958లో వాయిదాల కొనుగోళ్ల మీద ఆంక్షలు తొలగడం ఈ యంత్రాల అమ్మకాలకు ఊపునిచ్చింది. జాన్ బ్లూమ్ అనే వ్యాపారి రోల్స్ రేజర్ సంస్థ ద్వారా, దుకాణదారుల ప్రమేయం లేకుండా, పత్రికా ప్రకటనలు చూసి అడిగిన వారి ఇంటికే తక్కువ ధర రెండు తొట్ల యంత్రాలను పంపి సంచలనం రేపాడు. ధరల పోటీ ముదిరి 1964 జులైలో ఆ సంస్థ దివాలా తీసింది. అమెరికాలో 1960, 70లలో హూవర్ చిన్న నమూనాలు అపార్టుమెంట్లలో, సొంత నల్లా కనెక్షను పెట్టుకునే వీల్లేని అద్దె ఇళ్లలో చోటు సంపాదించాయి. సోవియట్ దేశంలో ఓమ్స్క్ నగరంలో తయారైన ‘సిబీర్’ ఈ కోవలోదే.

జపాన్ కథకు బ్రిటిష్ మూలం ఉంది. హూవర్ పక్కచక్రం యంత్రాన్ని పరిశీలించిన సాన్యో సంస్థ 1953లో అలాంటి యంత్రాన్ని 28,500 యెన్‌లకు అమ్మకానికి పెట్టింది. టీవీ, ఫ్రిజ్‌లతో పాటు వాషింగ్ మెషీన్‌ను అక్కడివారు ఆ దశాబ్దపు ‘మూడు దివ్య సంపదలు’గా చెప్పుకున్నారు. 1960 ప్రాంతంలో రెండు తొట్ల నమూనాలు వచ్చాయి. తర్వాత చక్రం పక్క గోడ నుంచి తొట్టి అడుగుకు దిగింది. నేడు భారత్‌లో కనిపించే యంత్రాల రూపురేఖలు ఈ జపాన్ పద్ధతివే.

మన దేశంలో 1980ల చివరలో జపాన్, అమెరికా సంస్థల సాంకేతిక సహకారంతో ఈ యంత్రాలు మధ్యతరగతి ఇళ్లలోకి వచ్చాయి. దూరదర్శన్ ప్రకటనల వల్ల వీడియోకాన్ పేరు ఇంటింటికీ తెలిసింది. రోజూ నీళ్లు రాని, వచ్చినా పై అంతస్తు దాకా ఎక్కని, కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని ఊళ్లకు ఇది సరిపోయింది. బకెట్లతో నింపుకోవచ్చు; కరెంటు పోయి వస్తే టైమరును మళ్లీ తిప్పి, ఆగిన చోటి నుంచే కొనసాగించవచ్చు. ఆంధ్ర, తెలంగాణ పట్టణాల్లో పంపు నీటికి వంతులు నడిచిన కాలంలో ఈ యంత్రం నిలదొక్కుకోవడానికి ముఖ్య కారణం అదే. యంత్రం ఇతర పనులకూ మళ్లింది. పంజాబ్ ధాబాల్లో లస్సీ చిలికారు. చైనాలోని సిచువాన్ రైతులు చిలగడదుంపలు కడిగి కాలువ గొట్టం పూడ్చుకోవడంతో హైయర్ సంస్థ 1998లో దుంపలు కడిగేందుకే ప్రత్యేక నమూనా తెచ్చింది.

నిర్మాణం

ఉతికే వైపు: తొట్టి, దాని అడుగున పల్సేటర్ అనే రెక్కల చక్రం, దాని ఇరుసును పట్టి ఉంచే బుష్ లేదా బేరింగ్, నీరు కిందికి కారకుండా ఆపే ఆయిల్ సీల్ ఉంటాయి. పక్కగా బిగించిన మోటారు నుంచి బెల్టు ద్వారా పల్సేటర్ తిరుగుతుంది. మోటారుకు చిన్న పుల్లీ, ఇరుసుకు పెద్ద పుల్లీ ఉండటంతో వేగం తగ్గి బలం పెరుగుతుంది.

పిండే వైపు: ఇక్కడ బెల్టు లేదు. మోటారు నిటారుగా కింద ఉండి, చిల్లుల బుట్ట ఇరుసుకు నేరుగా కప్లింగ్‌తో జతపడుతుంది. మోటారు మూడు స్ప్రింగుల మీద, రబ్బరు దిమ్మల మీద ఊగుతూ నిలబడుతుంది. తొట్టి అడుగున ఇరుసు చుట్టూ మడతల రబ్బరు సీల్ ఉంటుంది. మూత ఎత్తితే రెండు పనులు జరుగుతాయి: స్విచ్ కరెంటును ఆపుతుంది, ఒక తీగ సడలి బ్రేకు పట్టీ ఇరుసును పట్టేస్తుంది.

ఇందులో విద్యుత్ భాగాలు చాలా తక్కువ. రెండు ఇండక్షన్ మోటార్లు, గడియారపు స్ప్రింగుతో నడిచే రెండు టైమర్లు, ఒక కెపాసిటర్ డబ్బా, మూత స్విచ్, కొన్ని నమూనాల్లో ఒక బజర్. ఎలక్ట్రానిక్ కార్డు లేదు. పాతికేళ్లు దాటిన యంత్రాన్ని కూడా ఒక మల్టీమీటరు, స్క్రూడ్రైవరుతో పరీక్షించగలగడానికి కారణం ఇదే. మోటారు లోపలి వివరాలకు చూ. ఇండక్షన్ మోటారు, కెపాసిటర్.

పనిచేసే తీరు

పల్సేటర్ తిరిగినప్పుడు నీటిలో సుడి పుడుతుంది. బట్ట ఆ సుడిలో లాగబడి, వదలబడి, మరో బట్టతో రాసుకుంటూ మురికిని వదులుతుంది. పక్కచక్రం ఉన్న పాత హూవర్ యంత్రాల్లో ఉతుకు చాలా చురుకైనది. మామూలు బట్టలకు నాలుగు నిమిషాలు చాలునని చెప్పేవారు. బట్టలు మెలిపడటం దాని లోపం. అడుగు చక్రం ఉన్న జపాన్, భారత్ యంత్రాల్లో టైమరు చక్రాన్ని కొంతసేపు ఒక దిశలో, కాస్త ఆగి రెండో దిశలో తిప్పుతుంది. ఉతికే మోటారులోని రెండు చుట్లూ సరిసమానంగా ఉంటాయి. కెపాసిటర్‌ను ఒకసారి ఒక చుట్టకు, మరోసారి రెండో చుట్టకు కలిపితే దిశ మారిపోతుంది.

పిండటంలో వేగమే ప్రధానం. 50 హెర్ట్జ్ కరెంటు మీద నాలుగు ధ్రువాల మోటారు నిమిషానికి సుమారు 1,400 సార్లు తిరుగుతుంది. బుట్ట వ్యాసార్ధం 12 సెంటీమీటర్లు అనుకుంటే అంచున ఉన్న బట్ట మీద పడే బలం గురుత్వాకర్షణకు దాదాపు 260 రెట్లు. అంటే కిలో తడిబట్ట బుట్ట గోడను రెండు క్వింటాళ్లకు పైగా బరువుతో నొక్కుతుంది. బట్టలు ఒకవైపే పేరుకుంటే యంత్రం గది అంతా నడిచేది ఇందువల్లే. బట్టలను చుట్టూ సమంగా పరిచి, పైన బిళ్లమూత నొక్కి పెట్టాలన్న సూచన దీని కోసమే.

నీటి పొదుపు పద్ధతి

బ్రిటిష్ గృహిణులు ఒకే తొట్టెడు వేడి సబ్బునీటితో మూడు నాలుగు విడతలు ఉతికేవారు. ముందు తెల్లబట్టలు, తర్వాత రంగులవి, చివరికి పనిబట్టలు. హూవర్‌మాటిక్‌లో పిండినప్పుడు వచ్చే సబ్బునీటిని పంపు తిరిగి ఉతికే తొట్టిలోకే పంపేది. నీటిని వేడిచేసే హీటరు ఉన్న నమూనాల్లో బట్టలను చెక్క పటకారుతో తీసేవారు. మన యంత్రాల్లో పంపు, హీటరు సాధారణంగా ఉండవు. అయినా ఒక ఉతుకు సాగుతుండగానే పక్క తొట్టిలో ముందరి విడత పిండుకోవడం, జాడించిన నీటిని తర్వాతి విడత నానబెట్టడానికి వాడుకోవడం ఇక్కడా సాధ్యమే. ఫుల్లీ ఆటోమేటిక్ యంత్రాలకు ఈ వెసులుబాటు లేదు.

లోపాలు, మరమ్మతులు

పాత యంత్రం మూలపడితే చాలామంది మోటారు కాలిందనుకుంటారు. నిజానికి ఎక్కువ సందర్భాల్లో గొడవ రబ్బరుతో మొదలవుతుంది. సీల్ పగిలి నీరు కారుతుంది, ఆ నీరు బుష్‌ను తుప్పు పట్టిస్తుంది, బిగుసుకున్న ఇరుసును తిప్పలేక మోటారు వేడెక్కి కాలుతుంది. కాబట్టి కింద నీటిచుక్క కనిపించిన రోజే యంత్రాన్ని తెరవడం మేలు. మోటారు వైండింగు ఖర్చుతో పోలిస్తే సీల్ ఖర్చు లెక్కలోకి రాదు.

ఉతికే మోటారు మూలిగి తిరగకపోతే ముందు ప్లగ్ తీసి పల్సేటర్‌ను చేత్తో తిప్పి చూడాలి. సులువుగా తిరిగితే కెపాసిటర్‌ను అనుమానించాలి. గట్టిగా ఉంటే మధ్య స్క్రూ విప్పి పల్సేటర్ ఎత్తాలి. దాని కింద నాణేలు, పిన్నీసులు, హెయిర్‌పిన్నులు చిక్కుకుని ఉండటం మెకానిక్‌లకు నిత్యానుభవం. మోటారు తిరుగుతూ చక్రం కదలకపోతే బెల్టు జారింది లేదా పల్సేటర్ మధ్య పళ్లు అరిగాయి. బెల్టు మీద ఎం-19, ఎం-20 లాంటి గుర్తు అచ్చువేసి ఉంటుంది, అదే కొలత తేవాలి. వేలితో నొక్కితే కొద్దిగా లోపలికి పోవాలి. మరీ బిగిస్తే బుష్ అరుగుతుంది. ఒకే దిశలో తిరిగి రెండో దిశలో ఆగిపోతే టైమరులోని దిశ మార్చే కాంటాక్టు కాలిందనో, ఆ తీగ తెగిందనో అర్థం. మల్టీమీటరుతో చూస్తే ఉతికే మోటారు ఉమ్మడి తీగకు, మిగిలిన రెండు తీగలకు మధ్య నిరోధం ఒకేలా ఉండాలి. ఆ రెండు చివరల మధ్య రెట్టింపు రావాలి. పిండే మోటారులో రెండు చుట్ల నిరోధాలూ సమానంగా ఉండవు, అది లోపం కాదు.

కెపాసిటర్ విలువ డబ్బా మీదే రాసి ఉంటుంది. మన యంత్రాల్లో ఉతికే మోటారుకు 10, పిండే మోటారుకు 5 లేదా 6 మైక్రోఫారడ్లు కలిపి ఒకే డబ్బాలో పెట్టడం సాధారణం. ఉబ్బినా, కారినా మార్చాల్సిందే. విలువ అదే ఉండాలి. వోల్టేజి హద్దు మాత్రం తగ్గకూడదు. ముట్టుకునే ముందు నిరోధకం ద్వారా దాన్ని డిశ్చార్జి చేయాలి.

పిండే వైపు లోపాలకు ఓ వరుస ఉంది. ముందు మూత స్విచ్ కలుస్తోందా చూడాలి. తర్వాత బ్రేకు తీగ. అది సాగిపోతే మూత వేసినా బ్రేకు వదలదు, మోటారు మూలుగుతుంది, కాలిన వాసన వస్తుంది. ఆ తర్వాత బుట్టను చేత్తో తిప్పి చూడాలి. చేతిరుమాలో పసివాడి సాక్సో బుట్ట అంచు దాటి కిందికి జారి ఇరుసుకు చుట్టుకోవడం చాలా తరచుగా జరిగే సంగతి. చివరగా కాలువ గొట్టం. పంపు లేని యంత్రాల్లో నీరు పల్లానికి మాత్రమే పోతుంది. గొట్టం చివర పైకి లేచి ఉన్నా, నూలుపీచు అడ్డుపడినా పిండిన నీరు తొట్టిలోనే నిలిచి బుట్ట ఆ నీటిలో ఈదుతుంది, వేగం అందుకోదు. సబ్బుపొడి ఎక్కువైతే నురగ కూడా ఇదే పని చేస్తుంది.

బుట్ట ఆగేటప్పుడు తొట్టికి తగిలి చప్పుడు చేస్తే కింది స్ప్రింగుల్లో ఒకటి విరిగిందన్నమాట. మూడింటినీ ఒకేసారి మార్చాలి. ఒక్కటే మారిస్తే బుట్ట ఒరుగుతుంది. తొట్టిలో నీరు నిలవకపోతే కాలువ వాల్వు కింద ఇసుకో పీచో చేరిందేమో చూసి కడిగితే చాలాసార్లు సరిపోతుంది.

బోరు నీరు వాడే ఊళ్లలో సున్నపు పొర పల్సేటర్ కింద, ఇరుసు చుట్టూ పేరుకుంటుంది. గోరువెచ్చని నీటిలో నిమ్మ ఉప్పు కలిపి కొంతసేపు తిప్పి, నిలవ ఉంచి కడిగితే అది వదులుతుంది. ఇక్కడ తీగలు తెగడానికి ఎలుకలు పెద్ద కారణం. యంత్రం అడుగున జాలీ బిగించడం, స్టాండు మీద పెట్టడం రెండూ అవసరమే.

పాత యంత్రాల విద్యుత్ భద్రత

ఏళ్ల తరబడి వాడని యంత్రాన్ని నేరుగా ప్లగ్‌లో పెట్టకూడదు. ఎలక్ట్రీషియన్ 500 వోల్టుల మెగ్గరుతో తీగలకు, లోహపు పెట్టెకు మధ్య ఇన్సులేషన్ చూడాలి. ఒక మెగాఓమ్ కంటే తగ్గితే ఆరబెట్టి, లోపం సవరించాకే నడపాలి. ఎర్త్ తప్పనిసరి. 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉన్న లైను మీద నడపడం శ్రేయస్కరం. తడి చేతులతో వాడే యంత్రం ఇది.

తీగల రంగులు పాత దిగుమతి యంత్రాల్లో ప్రమాదకరంగా తికమక పెడతాయి. 1970కి ముందటి బ్రిటిష్ యంత్రాల్లో ఎరుపు ఫేజు, నలుపు న్యూట్రల్, ఆకుపచ్చ ఎర్త్. తర్వాతి వాటిలో గోధుమరంగు ఫేజు, నీలం న్యూట్రల్. అమెరికా యంత్రాల్లో నలుపే ఫేజు, తెలుపు న్యూట్రల్. కొన్ని పాత నమూనాల్లో మూత తెరిచినా బుట్ట వెంటనే ఆగదు. అలాంటివి పిల్లలున్న ఇంట్లో నడపకూడదు. 1970ల నాటి కెపాసిటర్లలో పీసీబీ అనే విషపూరిత నూనె ఉండవచ్చు. దాని తయారీని అమెరికా 1979లో నిషేధించింది. కారుతున్న పాత కెపాసిటర్‌ను వట్టి చేతులతో తాకరాదు.

అమెరికా నుంచి తెచ్చిన 120 వోల్టుల యంత్రానికి ట్రాన్స్‌ఫార్మరు పెడితే సరిపోతుందనుకోవడం పొరపాటు. ట్రాన్స్‌ఫార్మరు వోల్టేజిని మారుస్తుంది, ఫ్రీక్వెన్సీని మార్చదు. 60 హెర్ట్జ్ మోటారు 50 హెర్ట్జ్ మీద ఆరోవంతు నెమ్మదిస్తుంది, పిండే శక్తి దాదాపు 30 శాతం పడిపోతుంది. పూర్తి 120 వోల్టులు ఇస్తే వేడెక్కుతుంది కూడా. దానికి సుమారు 100 వోల్టులే తగినవి. తూర్పున 50, పశ్చిమాన 60 హెర్ట్జ్ ఉన్న జపాన్‌లో పాత యంత్రాలతో ఇల్లు మారినవారికి పుల్లీ మార్చుకోవలసి వచ్చేది. చూ. ఫ్రీక్వెన్సీ.

విడిభాగాలు

భారత్ యంత్రాలకు టైమర్లు, బెల్టులు, సీళ్లు, బ్రేకు పట్టీలు, మోటార్లు వేర్వేరు బ్రాండ్లకు సరిపోయే కొలతల్లో దొరుకుతాయి. హైదరాబాదులో కోఠి గుజరాతీ గల్లీ లాంటి చోట కెపాసిటర్లకు వెతుకులాట ఉండదు. దొరకనివి ఆ నమూనాకే పరిమితమైన ప్లాస్టిక్ భాగాలు: మూత, పల్సేటర్, బుట్ట. అందుకే ఇలాంటి యంత్రాన్ని నిలుపుకోవాలనుకునేవారు అదే నమూనా పాడైన యంత్రం తుక్కు ధరకు దొరికితే కొని ఉంచుకుంటారు. పాత హూవర్ రకాలకు రబ్బరు భాగాలు కొత్తగా రావడం కష్టం. ఆయిల్ సీళ్లు, బేరింగులు మాత్రం లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం కొలిచి మామూలు బేరింగు దుకాణంలో తెచ్చుకోవచ్చు.

వాడకం ఆపేటప్పుడు గొట్టంలో నీరంతా వంచేసి, రెండు మూతలూ తెరిచి ఆరనివ్వాలి. నెలల తరబడి పక్కన పెట్టేటట్లయితే బెల్టు వదులు చేయాలి. అప్పుడప్పుడు ఇరుసును చేత్తో తిప్పుతుంటే బిగుసుకోదు.

ఎప్పుడు పక్కన పెట్టాలి

మోటారు, టైమరు, సీల్ పోతే మార్చవచ్చు. పిండే బుట్టకు పగులు వచ్చినా, మోటారును మోసే అడుగు లోహం తుప్పుతో చిల్లులు పడినా యంత్రాన్ని నడపకూడదు. జిగురుతో అతికిన బుట్ట 1,400 చుట్ల వేగంలో నిలవదు. అలాంటి యంత్రంలో పనికొచ్చే మోటార్లు, టైమర్లు, పుల్లీలు విప్పి దాచుకుని, మిగిలినదాన్ని అనుమతి ఉన్న ఈ-వ్యర్థాల సేకరణ కేంద్రానికి అప్పగించాలి.